ఇంటర్వెల్ కబుర్లు: టికెట్టు లేని ఆట

“అన్నా! మా చెల్లెలు ఫోన్ వదలడం లేదు. పైసా ఖర్చు లేకుండా, ఆడుకుంటూనే నాలుగు లెక్కలు వచ్చే కంప్యూటర్ ఆటలు లేవా?” అని అడిగాడు ఎమ్మిగనూరు కుర్రాడొకడు.

ఎందుకు లేవు తమ్ముడూ! కాకపోతే ‘ఫ్రీ’ అని బోర్డు కట్టిన ప్రతి హాల్లోకీ దూరకూడదు. కొన్ని ఆటలు లోపలికి ఊరికే రానిస్తాయి. రెండు రీళ్లు తిరక్కముందే ప్రకటన! మూడో రీలుకి ‘డబ్బు కడితేనే మిగతా కథ’ అంటాయి. హీరో కన్నా స్లైడ్లే ఎక్కువ కనిపించే సినిమా అన్నమాట!

అసలు సరుకు వేరే ఉంది. ‘జీకాంప్రి’ (రాతలో చివర ‘స్’ ఉంటుంది, పలకరు). ఫ్రెంచిలో ‘నాకు అర్థమైంది’ అన్నట్టు వినిపించే పేరు. 2000లో బ్రూనో కూద్వా అనే ఫ్రెంచాయన మొదలుపెట్టాడు. రెండేళ్ల నుంచి పదేళ్ల పిల్లల దాకా వందకు పైగా ఆటలు. గడియారం చూడటం, చిల్లర లెక్కపెట్టడం, తక్కెడ సరితూచడం... ప్రకటన ఒక్కటీ లేదు!

ఫైట్లు కావాలా? ‘టక్స్ మ్యాథ్’ ఉంది. లెక్కలు తోకచుక్కల్లా ఆకాశం నుంచి ఊడిపడతాయి. సరైన జవాబు కొడితే గాల్లోనే ఢాం! బొమ్మలు వేసుకోవడానికి ‘టక్స్ పెయింట్’. 2002లో బిల్ కెండ్రిక్ తయారుచేశాడు. ఇవన్నీ ఒకసారి కంప్యూటర్లోకి దించుకుంటే చాలు, నెట్ లేకపోయినా నడుస్తాయి. మంచి ఆటను పట్టడానికి అదే పరీక్ష... నెట్ ఆపి చూడు!

ఇక అసలు సంగతి. ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల పల్లెల నుంచి ఏటా ఎన్నో కుటుంబాలు సుగ్గికి పోతాయి, గుంటూరు వైపు పత్తి, మిరప చేలకు. అమ్మానాన్నల వెంట పిల్లలూ పోతారు. తిరిగొచ్చేసరికి క్లాసులో పాఠాలు ఎక్కడికో వెళ్లిపోయి ఉంటాయి. నలుగురిలో తప్పు చెప్పాలంటే సిగ్గు. నోరు మెదపరు. అలా వెనక్కి జరిగి జరిగి, బడే మానేస్తారు.

కంప్యూటర్ ముందు ఆ సిగ్గు లేదు. పదిసార్లు తప్పినా అది నవ్వదు, మళ్లీ ఆడమంటుంది. పత్తి తీసినందుకు కూలి కిలోల లెక్కన ఇచ్చే చోట, తూకం తెలిసిన పిల్ల ఇంటికెంత ధైర్యం!

ఆట పంతులుగారికి బదులు కాదు, నిజమే. అందుకే పక్కన నువ్వు కూర్చో. చెల్లెలితోపాటు సుగ్గి నుంచి తిరిగొచ్చిన పక్కింటి పిల్లనూ పిలువు. టికెట్టు లేని ఆటకి సీట్లకేం కొరత?

సరే, బెల్లు కొట్టారు. పై వారం కలుద్దాం!