కాలివేలికి కులగోత్రాలా?

నా కాలి రెండోవేలు బొటనవేలికన్నా కాస్త పొడుగు. ఇందులో దాచుకోవలసిందేమీ లేదుగాని, నా పెళ్ళిచూపులనాడు మాత్రం దాచమన్నారు. "కుచ్చెళ్ళు కిందికి వదులమ్మా, వేలు కనపడకుండా" అంది మా మేనత్త. అలాంటి వేలున్న పిల్ల మొగుణ్ణి ఏలుతుందట! ఏలడం మాట దేవుడెరుగు, ముప్పయ్యేళ్ళుగా ఆయన కళ్ళజోడు ఎక్కడుందో వెతికిపెట్టే ఉద్యోగం నాది.

ఆ రోజులు పోయాయిలే అనుకున్నాను. మొన్న మా అక్క కొడుకు ఫోను పట్టుకొచ్చి, "పిన్నీ, నీది గ్రీకు పాదం!" అన్నాడు. వేళ్ళు వరసగా ఏటవాలుగా దిగితే ఈజిప్టు పాదమట, రెండోవేలు పొడుగైతే గ్రీకట. అక్కడితో ఆగాడా? రష్యాని ఏలిన రురిక్ వంశపు రాజులు స్వీడన్ వైపు వాళ్ళా, స్లావులా అన్నది కూడా పాదాలు చూసి తేల్చెయ్యొచ్చట. చదువుకున్నవాడు! కోటూ బూటూ తొడుక్కున్న మా మేనత్తే వీడు.

ఆ రాజుల పాదాల కథ నేను చెబుతాను విను అన్నాను.

రురిక్ 862లో వచ్చాడని పాత చరిత్రలు చెబుతాయి. అతని వంశం 1598 దాకా ఏలింది. ఆ వంశంవాడే వ్లదీమిర్. పదో శతాబ్దం చివర, పోలొత్స్క్ రాజు కూతురు రోగ్నెదను పెళ్ళాడతానని కబురంపాడు. తండ్రి రాజే; తల్లి మలూషా మాత్రం రాజమాత ఓల్గా ఇంట దాసి. అక్కడ పెళ్ళికూతురు పెళ్ళికొడుకు జోళ్ళు విప్పడం ఆచారం. దాసీకొడుకు జోళ్ళు నేను విప్పనని రోగ్నెద తెగేసి చెప్పింది. ఆ మాట వ్లదీమిర్‌కి తగిలిందంటారు. అంతకన్నా గట్టిగా తగిలింది మలూషాకి కాదూ? అయితే ఆ ఒక్క మాటకి వాడు చేసిందేమిటి? రోగ్నెద తండ్రినీ ఇద్దరు అన్నదమ్ముల్నీ చంపి, ఆమెను బలవంతాన పెళ్ళాడాడు. వంశం గొప్ప ఎవరి నోట పలికినా, చివరికి మూల్యం చెల్లించేది ఆడదే.

వాళ్ళ కొడుకు యారొస్లావ్‌కి కాలు అవుడు. 1016లో అన్నతో యుద్ధానికి దిగితే, అవతలి సేనాని కుంటివాడని ఎగతాళి చేశాడు. గెలిచింది ఆ కుంటివాడే. లోకం ఆయన్ని జ్ఞాని అని పిలిచింది. కూతురు అన్నా 1051లో ఫ్రాన్సు రాణి అయింది. 1939లో కీవ్‌లోని సెయింట్ సోఫియా గుడిలో ఆయన సమాధి తెరిచి ఎముకలు పరీక్షిస్తే, కాలి లోపం నిజమేనని తేలింది. ఆ ఎముక ఏం చెప్పింది? ఈ మనిషి నొప్పితో నడిచాడని చెప్పింది. తాత ఎవరో చెప్పలేదు.

తాతల సంగతి చెప్పేవి జన్యువులు. అదే వంశంలో అలెగ్జాండర్ నెవ్‌స్కీ కొడుకు ద్మిత్రి 1294లో పోయాడు. ఆయన ఎముకల మీద చేసిన పరిశోధన 2023లో వెలువడింది. అందులో స్కాండినేవియా ఉంది, గడ్డిమైదానాల సంచారజాతులున్నాయి, ఇంకా తూర్పున ఉన్నవాళ్ళూ ఉన్నారు. ఉండరు మరీ! వంశవృక్షంలో మగవాళ్ళ పేర్లే రాసుకుంటారుగాని, రక్తంలో కోడళ్ళందరూ ఉంటారు.

మా అక్కచెల్లెళ్ళం ముగ్గురం. మూడు రకాల పాదాలు. వీడి లెక్కన ఒకరు గ్రీసులో, ఒకరు ఈజిప్టులో పుట్టి ఉండాలి. ముగ్గురం పుట్టింది తెనాలిలో, ఒకే మంచం మీద!

పాదం ఎవరిదో కాదమ్మా చూడవలసింది, ఎంత దూరం నడిచిందో చూడాలి. వచ్చేనెల మావాడికి పెళ్ళిచూపులు. చెప్పేశాను: "ఆ పిల్ల కాళ్ళవంక చూశావో, ముందు నీ బూట్లు విప్పించి అందరిముందూ నడిపిస్తాను. విప్పుకునేది మాత్రం నువ్వే!"