ముందు కాపీ, తర్వాతే రిపేరు

పాత కంప్యూటర్ మొరాయిస్తే చాలామంది నోట వచ్చే మాట ఒక్కటే: "ఫార్మాట్ కొట్టేయండి." ఇది సరైన సలహా కాదని నా అభిప్రాయం.

హార్డ్ డిస్కు లోపలి పళ్ళేలు సాధారణంగా నిమిషానికి 5400 లేదా 7200 సార్లు తిరుగుతాయి. వాటిని చదివే హెడ్ వెంట్రుక మందంలో వెయ్యో వంతు కన్నా తక్కువ ఎత్తులో కదులుతుంది. టిక్ టిక్ మని చప్పుడు వస్తున్నా, చిన్న ఫైలు తెరవడానికే నిమిషాలు పడుతున్నా డిస్కును అనుమానించాలి. అప్పుడు ఫార్మాట్ చేస్తే ఉన్నదీ పోతుంది. చెక్ డిస్క్ నడిపితే అసలే నీరసించిన డిస్కుపై భారం పెరుగుతుంది.

కంప్యూటర్ ఆపి, కేబుల్ వదులైందేమో చూడాలి. అయినా అదే తీరైతే ముందుగా ముఖ్యమైన ఫైళ్ళను పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేయాలి. విండోస్ తెరుచుకోకపోతే లైనక్స్ లైవ్ సీడీతో ప్రయత్నించవచ్చు. డిస్కు అసలు కనిపించకపోతే పదేపదే ఆన్ చేయకూడదు.

కొత్త డిస్కు బజారులో దొరుకుతుంది. రాత్రిళ్ళు కూర్చుని టైపు చేసిన ప్రాజెక్టు రిపోర్టు ఏ షాపులోనూ దొరకదు. ఇంట్లో మరో కంప్యూటర్ లేని మనలాంటి వాళ్ళకు రెండో కాపీయే దిక్కు. డిస్కు బాగున్న రోజుల్లోనే దాన్ని తీసి పెట్టుకుందాం!