తెల్ల డాలియాని కోయడానికే నాటండి

బెంగళూరు, కోలారు, చిక్కబళ్ళాపురం పక్క ఉన్న మన తెలుగిళ్ళల్లో పూవుకి రెండే దారులు. దేవుడి పటం, లేకపోతే జడ. డాలియా రెంటికీ చేరదు. వాసన లేదు, మాలకి రాదు. అందుకే జనవరిలో లాల్‌బాగ్ పూల ప్రదర్శన చూసి ఆశపడి ఒక కుండీ తెచ్చుకున్నా, పూసింది వాడి రాలేదాకా చూస్తూ కూర్చుంటారు. కోద్దామంటే అవ్వలు ఒప్పుకోరు. "దేవుడికి కాదు, తలకి కాదు, మరి ఎందుకు తెంపేది?" అంటారు.

ఈ మాటతోనే నాకు తగువు. డాలియాని కోస్తే చెట్టుకి నష్టం లేదు, కోయకపోతేనే నష్టం. పూవు చెట్టుమీదే వాడితే బలమంతా విత్తనానికి పోతుంది, కొత్త మొగ్గలు తగ్గుతాయి. కోసే కొద్దీ పక్క కొమ్మలు లేస్తాయి. పొద్దున్నే, ఎండ రాకముందు, పూవు బాగా విచ్చాకే కోయాలి. గులాబీ మొగ్గలా ఇది నీళ్ళలో పెట్టాక విచ్చుకోదు. రోజూ నీళ్ళు మారిస్తే నాలుగైదు రోజులు నిలుస్తుంది. పళ్ళెమంత పూవుల మోజు వద్దు, అవి బరువుకి తల వాల్చేస్తాయి. అరచేతిలో పట్టేంత పూవిచ్చే రకాలే కూజాకి మేలు.

తెలుపే ఎందుకంటారా? మాలాగ ఆఫీసులకి పోయేవాళ్ళం తోట చూసేది చీకటి పడ్డాకే. ఏడు గంటలకి గేటు తీస్తే ఎర్రవి, ఊదావి నల్లగా కలిసిపోతాయి. తెల్లవి మాత్రం కనిపిస్తాయి. ఒక కుండీలో ఒకటి కాదు, మడిగా ఆరేడు ఉండాలి. థర్టీ ఫార్టీ సైటులో గోడ పక్కన రెండడుగుల మట్టి వదిలితే చాలు. ఆ కాస్తా కూడా సిమెంటు పోసేస్తున్నారు, అదే నా బాధ.

తెలుపు అశుభం అనేవాళ్ళు మల్లెపూలు పెట్టుకోవడం మానరు కదా! ఇంకొకరు "అది మన పూవు కాదు" అంటారు. నిజమే, మెక్సికోది. 1791లో మాడ్రిడ్‌లో దానికి స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు ఆండర్స్ డాల్ పేరు పెట్టారు. అయితే మన గుమ్మానికి కట్టే బంతి పుట్టిల్లూ మెక్సికోనే.

నాటడం పెద్ద పనేం కాదు. పెద్ద వానలు తగ్గాక, అడుగున్నర ఎడంగా పెట్టాలి. ఊతకర్ర అప్పుడే పాతాలి, తర్వాత గుచ్చితే గడ్డకి తగులుతుంది. నాలుగు జతల ఆకులు రాగానే కొన గిల్లేయాలి. గిల్లడానికి చేయి రాదు గానీ, గిల్లితేనే గుబురుగా వస్తుంది. సంక్రాంతి అటూ ఇటూ పూస్తుంది, అప్పటికి వానలుండవు కాబట్టి తెల్ల రేకులకి మచ్చలు పడవు.

ఆకులు ఎండాక గడ్డలు తవ్వి పొడి ఇసకలో, నీడలో దాచాలి. చుట్టాలకి పంచేటప్పుడు ప్రతి గడ్డకీ పాత కాడ మొదలు కొంచెం అంటుకుని ఉండేలా కోయండి. మొలక కన్ను అక్కడే ఉంటుంది, ఉత్త గడ్డ ఎంత లావున్నా మొలవదు. హోసూరు పిన్నికి పోయినేడు అలాంటివి మూడిచ్చాను. ఈ జనవరిలో ఆమె టీవీ పక్కన స్టీలు చెంబులో ఐదు తెల్ల పూలున్నాయి. దేవుడి పటానికి మామూలుగా చామంతే.