నేలకో దుప్పటి!

కడియపులంక నర్సరీలో నిగనిగలాడుతూ కనిపించిన మామిడి అంటు. ముచ్చటపడి కొన్నారు. ఆటోలో జాగ్రత్తగా ఇంటికి తెచ్చి, గొయ్యి తీసి, పశువుల ఎరువేసి నాటారు. పూటకో బకెట్టు నీళ్లు పోశారు. అయినా మే నెల వచ్చేసరికి ఆకుల అంచులు మాడాయి. రోహిణి కార్తె దాటేలోపు పుల్ల మిగిలింది. 'నర్సరీవాళ్లు పాడు మొక్క అంటగట్టారు' అని ఇంటిల్లిపాదీ తీర్మానించేశారు.

గోదావరి జిల్లాల్లో ఎన్నో ఇళ్లలో కనిపించే కథే ఇది. చాలాసార్లు తప్పు మొక్కది కాదు. నర్సరీలో అది వందల సంచుల మధ్య, నీడపందిరి కింద చల్లగా పెరిగింది. ఇంటికొచ్చాక దాని పాదు నేరుగా ఎండకు ఎక్కింది. పోసిన నీళ్లలో చాలావరకు వేళ్లకు అందకముందే ఆవిరైపోయాయి. ఆ మొక్కకు కరవైంది నీళ్లు కాదు... నేల మీద కప్పు!

అలా కప్పడాన్నే మల్చింగ్ అంటారు. మల్చ్ అనే ఇంగ్లిషు మాటకు మూలం 'మెత్తని' అని అర్థమున్న ఓ పాత పదం. ప్రకృతి వ్యవసాయం చేసే రైతులకు ఇదే 'ఆచ్ఛాదన'. సుభాష్ పాలేకర్ చెప్పిన నాలుగు సూత్రాల్లో బీజామృతం, జీవామృతం, వాఫసాలతో పాటు ఇదీ ఒకటి. 2016లో రాష్ట్రంలో మొదలైన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంతో ఈ మాట పల్లెపల్లెకూ చేరింది.

పాపికొండల అడవిలో చెట్లకు ఎవరు నీళ్లు పోస్తున్నారు? రాలిన ఆకే అక్కడ నేలకు దుప్పటి. అది తేమను పట్టి ఉంచుతుంది. ఎండ నేరుగా తగలనివ్వదు కాబట్టి వేళ్లు ఉడికిపోవు. వెలుతురు అందక కలుపు గింజలు అంతగా మొలవవు. వాన చినుకు దెబ్బకు మన్ను కొట్టుకుపోదు. మెల్లగా కుళ్లి అదే ఎరువవుతుంది. వానపాములకు విందు కూడానూ!

పారేస్తున్నదంతా పనికొచ్చేదే

మల్చింగ్‌కు కావలసిన సరుకు డెల్టాలో కొననక్కర్లేదు. వరిగడ్డి, చెరకు ఆకు, కొబ్బరి కమ్మలు, డొక్కలు... ఏది కావాలన్నా దొరుకుతుంది. విచిత్రమేమిటంటే వాటిలో చాలా భాగం అగ్గిపుల్లకే ఆహుతి. టన్ను వరిగడ్డిలో అయిదు కిలోలకు పైగా నత్రజని ఉంటుంది. తగలబెడితే అది దాదాపు అంతా గాల్లో కలిసిపోతుంది. మళ్లీ ఆ నత్రజని కోసమే యూరియా బస్తా కొంటాం!

కొబ్బరి డొక్క సంగతైతే చెప్పనక్కర్లేదు. తన బరువుకు కొన్ని రెట్లు నీటిని పీల్చుకుని దాచుకుంటుంది. పొటాష్ కూడా ఎక్కువే. కొబ్బరి పాదులో డొక్కల్ని బోర్లించి పరిస్తే ఆ మేలు ఏళ్ల తరబడి ఉంటుంది. కాలువలు కట్టేసి, బావుల్లో నీళ్లు అడుగంటే రోజుల్లో ఆ విలువ తెలుస్తుంది.

ఎలా వేయాలంటే...

ముందు కలుపు తీసి, పాదు నిండా నీళ్లు పెట్టాలి. ఆ తడి మీదే ఎండుటాకులో గడ్డో రెండు మూడు అంగుళాల మందాన పరవాలి. కుండీలైతే అంగుళం చాలు. కాండానికి మాత్రం నాలుగు వేళ్ల దూరం వదలాల్సిందే. మొదలు చుట్టూ కుప్పపోస్తే తేమకు బెరడు కుళ్లుతుంది. కలుపు బెడద మరీ ఎక్కువైతే చదివేసిన దినపత్రిక నాలుగైదు పొరలుగా పరిచి, తడిపి, పైన ఆకు కప్పితే సరి.

పచ్చి వరిగడ్డిని, కుళ్లని కొబ్బరి పొట్టును మట్టిలో కలపకూడదు. అవి కుళ్లేటప్పుడు నేలలోని నత్రజనిని లాగేసుకుంటాయి, మొక్క పసుపు రంగుకు తిరుగుతుంది. పైన పరిస్తే ఆ ఇబ్బంది అంతగా ఉండదు. కొబ్బరి పొట్టులో ఉప్పు ఉండే అవకాశం ఉంది, ఒకటి రెండుసార్లు కడిగి వాడాలి. వానాకాలంలో నత్తలు చేరతాయి కాబట్టి కప్పును పలుచన చేయాలి. చెదలు ఉన్నచోట తరచూ ఎత్తి చూసుకోవాలి.

కూరగాయల రైతులు ప్లాస్టిక్ మల్చింగ్ షీట్లు వాడుతుంటారు. అవి తేమను కాపాడతాయి, కలుపునూ ఆపుతాయి. కానీ మట్టిలో కలిసి ఎరువు కావు. పైగా చిరిగాక ఏరిపారేయడం మరో పని. పెరటికి ఆకే మేలు.

'చెత్త పోశారేంటి?'

అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. పొద్దున్నే పెరడంతా అద్దంలా ఊడ్చి, ఆకును మూలన పోగేసి నిప్పు పెట్టడం ఎన్నో ఇళ్లలో అలవాటు. పాదులో ఆకు కనిపిస్తే 'ఇదేం ఇల్లమ్మా' అంటారని ఇల్లాలి భయం. ఆకుల్లో పాములు, తేళ్లు చేరతాయని పెద్దవాళ్ల భయం. రెండో భయాన్ని తీసిపారేయలేం. అందుకే గుమ్మాల దగ్గర, పిల్లలు ఆడేచోట, నడిచే దారిలో వద్దు. పాదు వరకే, పలుచగా పరిస్తే చాలు. వాకిలి ఎప్పటిలాగే ఊడ్చుకోవచ్చు. ఊడ్చిన ఆకు మాత్రం మంటలోకి కాకుండా మొక్క పాదులోకి వెళ్లాలి.

ఈ వేసవిలో కడియం వెళ్లి మరో అంటు తెచ్చుకునేముందు పెరట్లోకి ఓసారి తొంగి చూడండి. పనసచెట్టు కింద, మామిడిచెట్టు కింద రాలిన ఆకు ఉండే ఉంటుంది. కొత్త మొక్కకు దుప్పటి అప్పటికే సిద్ధంగా ఉందన్నమాట!