వంటింటి కిటికీకి నల్లద్దమా?

పగలు పదకొండు గంటలు. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. వంటింట్లో మాత్రం ట్యూబులైటు వెలుగుతోంది! అది లేకపోతే చేటలో బియ్యానికీ రాయికీ తేడా తెలియదు. మైలవరం, నందిగామ, జగ్గయ్యపేట... ఏ ఊళ్లో కొత్తిల్లు చూడబోయినా ఇలాంటి వంటిల్లు ఒక్కటైనా కనిపిస్తుంది. కిటికీ లేదా అంటే, ఉంది. దానికి నల్లద్దమో, నీలిరంగు మెరుపుటద్దమో బిగించారు. వీధిలోంచి చూసేవాళ్లకు ఇల్లు ఠీవిగా కనబడాలిగా మరి!

మన మెట్ట ఊళ్ల పెంకుటిళ్లు గుర్తున్నాయా? పెంకుల మధ్య ఒక్క అద్దం అమర్చేవారు. పొయ్యి దగ్గర కూర్చున్న అమ్మకు ఆ కాస్త వెలుతురే ఆసరా. ఇల్లు పెద్దదయింది, వెలుతురు చిన్నదయింది.

మామూలు తెల్లద్దం తనమీద పడిన వెలుతురులో నూటికి 85 నుంచి 90 వంతుల దాకా లోపలికి పంపుతుంది. రంగుటద్దం రంగునుబట్టి, మందాన్నిబట్టి సగమో, ఇంకా తక్కువో పంపుతుంది. మెరుపుటద్దాల్లో కొన్ని నాలుగోవంతు కూడా రానివ్వవు. కారు అద్దాలకు చట్టం ఉంది: ముందూ వెనకా నూటికి 70, పక్కల 50 వంతుల వెలుతురు రావాల్సిందే. నల్ల ఫిల్ములు అంటించకూడదని 2012లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. కారులో గంటసేపు కూర్చునేవారికున్న ఆ హక్కు, వంటింట్లో సగం రోజు గడిపే ఇల్లాలికి అక్కర్లేదా?

‘వేడి తగ్గుతుంది కదా’ అంటారు ఇంట్లో మగవాళ్లు. కొంత తగ్గుతుంది, నిజమే. కానీ రంగుటద్దం ఎండను తాగి తనే వేడెక్కుతుంది. ఆ వేడిలో కొంత మళ్లీ ఇంట్లోకే వస్తుంది. ఎండను అద్దం దాకా రానివ్వకుండా బయటే ఆపడం మేలు. కిటికీ మీద వెడల్పాటి సజ్జా, పడమటి వైపు ఓ చెట్టు, లేదా ఎండాకాలం తడిక చాలు. ఉత్తరం కిటికీకి తెల్లద్దమే పెట్టుకోండి. అటునుంచి వెలుతురు ఎక్కువ, ఎండ తక్కువ.

‘దారినపోయేవాళ్లకు లోపల కనబడుతుందే’ అని మనకూ ఓ బెంగ. మెరుపుటద్దం పగలే కాపాడుతుంది. రాత్రి లోపల లైటు వేస్తే, బయట చీకట్లో ఉన్నవాళ్లకు మనమే కనబడతాం! దీనికి చక్కని ఉపాయం ఉంది. కిటికీ కింది సగానికి గరుకుటద్దం, పై సగానికి తెల్లద్దం వేయించండి. మరుగూ ఉంటుంది. పైనుంచి వచ్చే వెలుతురు గదిలో లోపలిదాకా పాకుతుంది. ఆ తెల్లద్దాన్ని వారానికోసారి తడిగుడ్డతో తుడవడం మరవకండి. రోడ్డు దుమ్ము పేరుకుంటే తెల్లద్దమూ నల్లద్దమే అవుతుంది.

అద్దం కొనేరోజున మీరూ కొట్టుకు వెళ్లండి. నమూనా ముక్క అడిగి, దానిలోంచి ఓ గుప్పెడు బియ్యం చూడండి. రాయి కనబడకపోతే ఆ అద్దం మీ వంటింటికి పనికిరాదు. పూజగది ఎటు ఉండాలో పదిమందిని అడుగుతాం. వంటింటి కిటికీకి ఏ అద్దం వేయాలో మాత్రం, అక్కడ నిలబడి పనిచేసే మనిషిని అడిగేవారే లేరు. అడగకపోయినా చెబుదాం. ఏమంటారు?