టైపు చేసే చేతికి మర్దన ఒక్కటే చాలునా?

ప్రశ్న: రోజూ బస్సులో మదనపల్లె వెళ్లి కోర్టులో స్టెనో-టైపిస్టుగా పనిచేస్తున్నాను. వయస్సు 41. పొద్దుటి నుంచి సాక్షుల వాంగ్మూలాలూ, తీర్పులూ టైపు చేస్తూనే వుండాలి. సాయంత్రానికి మెడ, భుజాలు పట్టేస్తాయి. మా అత్తగారు నూనె వేడిచేసి మర్దన చేస్తే హాయిగా వుంటుంది. కాని మూడు నెలలుగా అర్ధరాత్రి కుడిచెయ్యి తిమ్మిరెక్కి మెలకువ వస్తోంది. విదిలిస్తే తగ్గుతుంది. ఈ మధ్య జాకెట్టు హుక్కులు పెట్టుకోవటం కూడా కష్టంగా వుంది. గట్టిగా మర్దన చేయిస్తే నరం సర్దుకుంటుందంటున్నారు. నిజమేనా? ఆఫీసులో చెబితే పనికిరానంటారేమోనని భయం.
— ఒక సోదరి, కురబలకోట

జవాబు: అమ్మా, మీరు చెప్పినవి రెండు వేర్వేరు బాధలు. ఒకటి కండరాలది, రెండోది నరానిది. మొదటిదానికి మీ అత్తగారి చెయ్యి మంచి మందే. రెండోదానికి మాత్రం కాదు.

ఇది కొత్త జబ్బేమీ కాదు. రామజ్జినీ అనే ఇటలీ వైద్యుడు 1713లోనే లేఖకుల బాధల గురించి రాశాడు. కదలకుండా కూర్చోవటం, చెయ్యి ఒకే తీరున ఆడించటం, తప్పు పడకూడదని మనస్సును బిగబట్టటం – ఈ మూడూ కారణాలన్నాడు. మీ ఉద్యోగంలో మూడూ వున్నాయి. పైగా టైపు మిషను రోజుల్లో కాగితం మార్చటానికైనా చెయ్యి ఆగేది. కంప్యూటరు వచ్చాక ఆ కాస్త విరామమూ పోయింది.

పట్టేసిన మెడకు, భుజాలకు గోరువెచ్చని నూనెతో పది నిమిషాలు మర్దన చేయించుకోవచ్చు. ఏ నూనె అయినా ఒకటే. పనిచేసేది చేతి ఒత్తిడి, వెచ్చదనం. ముంజేతిని మీరే రెండో చేతి బొటనవేలితో మణికట్టు నుంచి మోచేతి వైపు నెమ్మదిగా ఒత్తుకోండి. నొప్పి పుట్టేటంత గట్టిగా వద్దు. మెడ ముందు భాగం నొక్కకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, మెడను ఎవరిచేతా టక్కున విరిపించుకోకండి. మెదడుకు రక్తం తీసుకుపోయే నాళాలు మెడలోంచే పోతాయి. అవి చీలితే పక్షవాతం రావచ్చు. వాపు, ఎరుపు, జ్వరం వున్నచోట మర్దన పనికిరాదు. షుగరు వున్నవారు వేడి కాపడం విషయంలో జాగ్రత్తగా వుండాలి. స్పర్శ తగ్గిన చర్మం కాలినా తెలియదు.

ఇక రాత్రి తిమ్మిరి సంగతి. మణికట్టు దగ్గర ఒక ఇరుకైన దారిలోంచి వేళ్లను వంచే స్నాయువులు (టెండన్లు), వాటితోపాటు స్పర్శనిచ్చే మీడియన్ నరం పోతాయి. అక్కడ వాపు వస్తే నరం నలుగుతుంది. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు, వుంగరపు వేలులో సగం తిమ్మిరెక్కుతాయి. దీన్ని కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అంటారు. ఆడవారిలో ఎక్కువ. షుగరు, థైరాయిడ్ లోపం, గర్భం వున్నప్పుడూ వస్తుంది. కాబట్టి నేరం అంతా టైపు మీదే వేయకుండా రక్తపరీక్షలు చేయించుకోండి. నలుగుతున్న నరాన్ని ఇంకా గట్టిగా నలిపితే మేలు జరగదు.

హుక్కులు పెట్టుకోలేకపోవటం అశ్రద్ధ చెయ్యదగిన లక్షణం కాదు. బొటనవేలి మొదట్లో వుండే కండను రెండు చేతులా పోల్చి చూడండి. కుడివైపు పలచబడివుంటే ఆలస్యం చెయ్యకండి. పూర్తిగా కరిగిన కండ మళ్లీ రాకపోవచ్చు. ఈ వారమే ప్రభుత్వాసుపత్రిలో ఎముకల వైద్యునికి చూపించండి. నరం పనితీరు తెలిపే పరీక్ష తిరుపతి స్విమ్స్ వంటి పెద్ద ఆసుపత్రుల్లో చేస్తారు.

తొలిదశలో మణికట్టు వంగకుండా పట్టీ కట్టుకుని ఆరు వారాలు పడుకుంటే చాలామందికి తగ్గుతుంది. తగ్గకపోతే ఇంజెక్షను, అదీ చాలకపోతే చిన్న ఆపరేషను వున్నాయి. ఆ ఒక్కచోటే మత్తిచ్చి చేస్తారు. మందుల షాపులో నొప్పి బిళ్లలు కొని నెలల తరబడి మింగితే కడుపూ మూత్రపిండాలూ చెడతాయి.

కుర్చీ ఎత్తు సరిచేసుకోండి. మోచేతులు కీబోర్డు ఎత్తులో, మణికట్లు తిన్నగా, పాదాలు నేలమీద ఆనాలి. అందకపోతే కాళ్లకింద పాత లా పుస్తకాల కట్ట పెట్టుకున్నా చాలు. తెర కళ్లకు ఎదురుగా, కాగితాలు దాని పక్కనే నిలబెట్టి వుంచుకోండి. సాక్షి మారినప్పుడల్లా వేళ్లు చాపి, భుజాలు వెనక్కి తిప్పి, ఒక నిమిషం ఆగండి.

మీ ఇంటివారికి ఒక మాట. ఆరు వారాలు బట్టలు పిండటం, బకెట్లు మొయ్యటం, పిండి కలపటం ఇంకొకరు చూసుకోవాలి. పగలంతా కోర్టులో, రాత్రి వంటింట్లో అదే చెయ్యి నలిగితే ఏ పట్టీ పనిచెయ్యదు.

ఉద్యోగం గురించి భయపడకండి. తొలిదశలో చూపించుకున్నవారు మళ్లీ మామూలుగా టైపు చేస్తున్నారు. దాచుకుని ఆలస్యం చేసినవారికే నష్టం. వైద్యుని చీటీ తీసుకుని పై అధికారికి చెప్పండి.

చివరగా అందరికీ: చెయ్యి తిమ్మిరితోపాటు హఠాత్తుగా మూతి వంకరపోయినా, మాట తడబడినా అది వేరే జబ్బు. మర్దనకు కూర్చోకుండా వెంటనే 108కి ఫోను చెయ్యండి.