తొలకరి కబురు: యంత్రం లెక్క, రైతు ప్రశ్న

తొలి వాన పడగానే పత్తి గింజ నాటాలా? మరో వాన కోసం ఆగాలా? వర్షాధార రైతు ఏటా జూన్‌లో తేల్చుకోవాల్సిన సంగతి ఇది. తొందరపడితే మొలక ఎండిపోయి మళ్లీ విత్తనాలు కొనాలి. ఆలస్యం చేస్తే అదను దాటిపోతుంది. రుతుపవనాలు కేరళను తాకాయన్న వార్త ఇందుకు జవాబు కాదు. తన ఊళ్లో వానలు ఎప్పుడు నిలకడగా మొదలవుతాయన్నదే రైతుకు కావాలి.

2025 ఖరీఫ్‌లో కేంద్ర వ్యవసాయ శాఖ 13 రాష్ట్రాల్లోని దాదాపు 3.8 కోట్ల మంది రైతులకు ఇలాంటి అంచనాలను ఎస్సెమ్మెస్ ద్వారా పంపింది. గూగుల్ రూపొందించిన న్యూరల్ జీసీఎం, యూరప్ వాతావరణ కేంద్రానికి చెందిన ఏఐఎఫ్‌ఎస్ నమూనాలను 125 ఏళ్ల వర్షపాత రికార్డులతో జోడించి, నాలుగు వారాల ముందు వరకు అంచనా వేశారు. ఆ ఏడాది రుతుపవనాలు మే 24నే కేరళ చేరినా, తర్వాత ఉత్తరాది వైపు వెళ్లకుండా దాదాపు మూడు వారాలు నిలిచిపోయాయి. ఈ విరామాన్ని తమ అంచనాలు ముందే పసిగట్టాయని ప్రభుత్వం చెప్పింది.

ఇందులో మెషీన్ లెర్నింగ్ పాత్ర ఎంతో, ఆర్థికశాస్త్రం పాత్రా అంతే. ముందస్తు కబురు రైతు నిర్ణయాన్ని మారుస్తుందా అన్నది కంప్యూటర్ తేల్చలేదు. అంతకుముందే తెలంగాణలోని 250 గ్రామాల్లో ఆర్థికవేత్తలు ఈ విషయాన్ని ప్రయోగాత్మకంగా పరీక్షించారు. అనుకున్నదానికంటే వానలు ఆలస్యమవుతాయని తెలిసిన రైతులు సాగు విస్తీర్ణాన్ని ఐదో వంతుకు పైగా తగ్గించుకున్నారు. ముందే వస్తాయని తెలిసినవారు పెట్టుబడి పెంచారు. అంటే, రైతు ఆ కబురును నమ్మి డబ్బు పెడుతున్నాడు.

బాధ్యత మొదలయ్యేది ఇక్కడే. అంచనా తప్పితే శాస్త్రవేత్త నమూనాను సరిదిద్దుకుంటాడు, రైతు అప్పు మాత్రం మిగులుతుంది. అంచనా అంటే హామీ కాదని, తప్పే అవకాశమూ ఉందని సందేశంలోనే తేలిక మాటల్లో చెప్పాలి. ఏ జిల్లాలో ఎంతవరకు నిజమైందో సీజన్ ముగిశాక బయటపెట్టాలి. సందేశం భూ యజమాని ఫోన్‌కు చేరి, దున్నే కౌలు రైతుకు చేరకపోతే ఫలితం సగమే.

పరిశోధన పత్రంలో గెలిచిన నమూనా పొలంలోనూ గెలిచిందా అన్నది తేల్చే కొలతలు ఇవే.